ఏ ఊరు నీది?

“మూడో గదిలో ఉన్నాడు. బూడిద రంగు కోటు. ఒక్కడే. మీ దగ్గర ఏ ఊరివాళ్ళున్నారని అడిగాడు,” అంది ఈ పాటల గదులు నడిపే ప్యో అక్క గొంతు తగ్గించి. “నోరు జాగ్రత్త.”

పెదాలకి రంగు వేసుకుంటున్న గుమ్‌హ్వా ఆగిపోయింది.

కొరియాలోని కున్సాన్ రేవులో, ఆడవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని మైకులో పాడుకునే పాటల గదులన్నిట్లో వారం రోజులుగా ఇదే గుసగుస. బూడిద రంగు కోటువాడొకడు పట్టపగలే వస్తాడట. తాగడు, పాడడు, ఒంటి మీద చెయ్యి వెయ్యడు. పక్కన కూర్చున్న ఆడదాన్ని ఊరూ పేరూ గుచ్చి గుచ్చి అడుగుతాడట. పక్క వీధిలో ఇద్దర్ని వలస ఆఫీసువాళ్ళు పట్టుకుపోయింది వాడు వచ్చి వెళ్ళిన మర్నాడేనట.

చైనాలోని యెన్బియన్ నుంచి వచ్చిన కొరియన్ ఆడవాళ్ళు ఇక్కడ హోటల్లో గిన్నెలు కడుక్కోవచ్చు. పాటల గదిలో కస్టమర్ పక్కన కూర్చోకూడదు. దొరికితే తిరుగు ఓడ ఎక్కించేస్తారు. కస్టమర్లు మాత్రం తక్కువా? నోట్లోంచి ఆ యాస ఊడిపడిందంటే చాలు, “డబ్బులిస్తే దీన్ని పంపిస్తారా, మార్చండి” అని పేచీ. అందుకే ఈ గదుల్లో గుమ్‌హ్వా పేరు యూరి. పుట్టింది సియోల్ పక్కనున్న ఇంచియన్.

లోపలికెళ్ళి బీరు పోసింది. అతను ముట్టుకోలేదు.

“ఏ ఊరు నీది?”

“ఇంచియన్ అండి.”

“ఇంచియన్‌లో ఎక్కడ?”

“స్టేషన్ వెనకాల. మా నాన్నకి సైకిల్ షాపుండేది.”

అద్దం ముందు వందసార్లు అప్పజెప్పుకున్న పాఠం. అతను వింటున్నట్టు లేడు. పెదాలకేసే చూస్తున్నాడు.

“జీలకర్ర చల్లి కాల్చిన గొర్రెమాంసం తింటావా? తెప్పించనా?”

నోట్లో నీళ్ళూరాయి. యెన్బియన్ వీధుల్లో తిని రెండేళ్ళయింది.

“అమ్మో, ఆ కంపు నాకు పడదండీ.”

ఉన్నట్టుండి అతని మోచెయ్యి తగిలి గ్లాసు ఆమె ఒళ్ళో బోర్లా పడింది. కావాలనే చేశాడని తెలిసిపోతూనే ఉంది. “అయ్యయ్యో” అన్నాడు, ఆమె నోటి మీంచి చూపు తిప్పకుండా.

ఫర్వాలేదు అనడానికి వాళ్ళ ఊళ్ళో ‘పనిలేదు’ అంటారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున మింగేసింది.

“ఫర్వాలేదండీ,” అంది, టీవీలో సియోల్ అమ్మాయిలా సాగదీసి.

అతను రుమాలు తీసి ఇచ్చాడు. ఆఖరి బాణం వదిలాడు.

“యెన్బియన్ వాళ్ళంటే నీకెలా ఉంటుంది?”

వాళ్ళమ్మ మొహం కళ్ళ ముందు మెదిలింది. గుమ్‌హ్వా దాన్ని పక్కకి నెట్టేసింది.

“వాళ్ళా? ఛీ, దొంగమొహాలు! బస్సులో పక్కన కూర్చుంటే నేను లేచి నిలబడతాను.”

అతని మొహం మాడిపోయింది. వల వేస్తే చేప పడలేదని కాబోలు అనుకుంది. డబ్బు కట్టిన గంటలో ఇంకా నలభై నిమిషాలు ఉండగానే లేచి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

“ఏం చేశావే తల్లీ వాణ్ణి!” ప్యో అక్క పకపకా నవ్వింది. “తోక ముడిచి పోయాడు!”

గుమ్‌హ్వా కూడా నవ్వింది. నాలుగు తిట్లతో గండం గట్టెక్కింది.

అప్పుడు చూసింది, సోఫా మీద అతని గొడుగు. దీని కోసమని మళ్ళీ వస్తే? ఆ వంక కూడా మిగలకూడదు. గొడుగు పట్టుకుని గబగబా మెట్లెక్కి వీధిలోకొచ్చింది.

అతను వాన తగలకుండా చూరు కింద నిలబడి, అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడు.

“ఇక్కడ కూడా నేదురా తమ్ముడూ, ఒక్క గంట మన మాట ఇందామని ఊరంతా తిరుగుతున్నాను గానీ, మనోళ్ళు ఒక్కర్తీ దొరకనేదు,” అంటున్నాడు, అచ్చం ఆమె ఊరి యాసలో.