వర్మూత్ జాడీ

"భానూ, జాడీ ఖాళీగా ఉంది. నువ్వేటైనా తీసావా?"

బిలాస్‌పూర్ స్టేషన్ పక్కన రైలు నడిపేవాళ్ళు డ్యూటీలో చేరే క్రూ లాబీ మెట్లెక్కుతున్న భానుప్రియ ఆగిపోయింది. ఫోన్లో ఆమె భర్త రాంప్రసాద్ కంగారుపడుతున్నాడు.

"మీ వర్మూత్ జాడీయా? దాంతో నాకేటి పనండీ?"

"కడిగి బోర్లించి ఉంది. నానబెట్టిన చెక్కలూ ఆకులూ చెత్తబుట్టలో ఉన్నాయి. అమ్మేమో సదర్ బజార్ ఎల్లింది. ఫోన్ ఇక్కడే వదిలీసింది."

భానుప్రియ గుండె జారిపోయింది. "బయల్దేరేటప్పుడు అత్తమ్మ నాకు కషాయం ఇచ్చిందండీ. దగ్గు తగ్గుద్దని."



రాంప్రసాద్‌ది ఆ ఊళ్ళోనే తెలిపారాలో బ్యాంకు ఉద్యోగం. వీడియోలు చూసి ఇంట్లోనే వర్మూత్ అనే మూలికల వైన్ చేస్తానని కూర్చున్నాడు. తెల్ల వైన్‌లో వినాయకుడి పూజకి వాడే మాచిపత్రి, నారింజ తొక్కలు, దాల్చిన చెక్క, లవంగాలు నానబెట్టి, అది చాలదన్నట్టు పైన బ్రాందీ పోశాడు. ఇదేమిట్రా అని తల్లి అచ్చియమ్మ అడిగితే దగ్గుమందన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇతగాడి అబద్ధం మరీ అతికిపోయింది.

"చేదుగా ఉందా?" అడిగాడు రాంప్రసాద్.

"అంత చేదు పుట్టి బుద్ధెరిగి తాగలేదు."

"లవంగం ఘాటు?"

"ఉంది. ముక్కు దిబ్బడేసి వాసన మాత్రం తెలీలేదు."

"గొంతులో వెచ్చగా దిగిందా?"

"దిగింది."

"బ్రాందీ" అన్నాడు రాంప్రసాద్ నీరసంగా. "ఎంత తాగావు?"

"గ్లాసుడు."

"మరి మిగతాదంతా ఏటయిపోయింది?"

"అత్తమ్మ గానీ తాగీసిందేటో. ముందు బజారుకెళ్ళి చూడండి, ఎక్కడ తూలుతుందో ఏటో."

ఫోన్ పెట్టేసింది. భానుప్రియ అసిస్టెంట్ లోకో పైలట్. ఇంజనెక్కే ముందు లాబీలో, తాగారో లేదో చెప్పే మిషన్ గొట్టంలోకి ఊదాలి. సున్నా రాకపోతే డ్యూటీ లేదు, ఆనక సస్పెన్షన్, ఎంక్వైరీ. ఊదనన్నా అంతే. పొరపాటున అత్తగారు పోసిందంటే ఎవరు నమ్ముతారు? తాగొచ్చిన ప్రతివాడికీ ఎవరో ఒకరు పోసే ఉంటారు.

కుళాయి దగ్గరికెళ్ళి బుగ్గలు నొప్పెట్టేలా పుక్కిలించింది. యాలక్కాయ నమిలింది. వెనకొచ్చిన వాళ్ళందర్నీ ముందుకి పంపేసింది. నుదుటి మీద చెమట తుడుచుకుంది. ఆ చెమట కూడా బ్రాందీదేనేమోనని ఇంకో భయం.

ఆమెతో బండి నడపాల్సిన లోకో పైలట్ తిరుమలరావు దగ్గరికొచ్చాడు. "ఏటమ్మా, అలగ చెమటలు పట్టేస్తన్నాయి? సిక్కు లీవు రాయించీసుకో."

సిక్కంటే డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఆయన ముక్కుకి దిబ్బడుండదు కదా.

"బాగానే ఉన్నాను బాబాయ్."

"చలియే మేడమ్, గాడీ ఖడీ హై" అన్నాడు లాబీ క్లర్కు, బండి సిద్ధంగా ఉంది రమ్మని గొట్టం చూపిస్తూ.

ఇక తప్పదు. కళ్ళు మూసుకుని ఊదింది.

"ఔర్ జోర్ సే." ఇంకా గట్టిగా ఊదమన్నాడు క్లర్కు.

ఉన్న ఊపిరంతా పెట్టి మళ్ళీ ఊదింది. మిషన్ కీచుమంది. ఉద్యోగం పోయిందనుకుంది. క్లర్కేమో ఆవులిస్తూ సంతకం చోటు చూపించాడు. కళ్ళు తెరిచి చూస్తే తెర మీద సున్నా.

సంతకం పెట్టి పక్కనున్న బెంచీ మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇదెలా జరిగిందో ఆమెకి అంతుపట్టలేదు.

ఇంజన్ వైపు నడుస్తుంటే ఫోన్ మోగింది. ఈసారి అచ్చియమ్మ.

"ఏటే పిల్లా, నానింట్లో అడుగెట్టానో లేదో వీడు నా మీద అరుస్తన్నాడు? నీ దగ్గు తగ్గిందా లేదా?"

"తగ్గింది అత్తమ్మా. మీరు కూడా తాగారా?"

"నాకేటి దగ్గా, జబ్బా? నానెందుకు తాగుతాను?"

"మరి జాడీడు మందూ ఏటి చేసారు?"

"అంతా నీకే ఇచ్చీసాను గదే. జాడీడూ గ్లాసుడయ్యేదాకా మరగబెట్టకపోతే దాన్ని ఎవులైనా కషాయమంటారేటి?"