ఆరని కొవ్వొత్తి

ఆనకట్టను ఇంకో నిలువెత్తు పెంచుతున్నామని మేయర్ ప్రకటించగానే ఊరంతా చప్పట్లు కొట్టింది. దోన్ ఎవెలియో మాత్రం నోటి దాకా వచ్చిన చేపముక్కను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"అంతా నీ కోసమేనయ్యా!" అంటూ మేయర్ అతని వీపు తట్టాడు. "నీలాంటి గజ ఈతగాడికి ఈ మడుగేం సరిపోతుంది?"

మా చెరువు ఉన్నచోట ఒకప్పుడు పొలాలుండేవి. ఈ గట్టునుంచి అవతలి గట్టున గుడి మెట్ల దాకా పరుచుకున్న ఎవెలియో వాళ్ళ దుంపచేనూ, దాని చుట్టూ తాత పేర్చిన రాతిగోడా నీళ్ళపాలయ్యాయి. అప్పట్లో ఆనకట్టను తిట్టిపోసినవాళ్ళే ఇప్పుడు పడవలు అద్దెకిస్తూ, చేపలు వేయించి అమ్ముతూ దాన్ని "మా సముద్రం" అంటున్నారు.

గుడి మాత్రం మునగలేదు. ఏటా కొవ్వొత్తుల తల్లి కాందెలారియా మాత పండుగ సాయంత్రం, వెలిగించిన కొవ్వొత్తి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఈదుకుంటూ అక్కడికి చేరాలి. కుర్రాళ్ళ కొవ్వొత్తులు నాలుగు బారలకే ఆరిపోతాయి. ఎవెలియోది ఏ ఏడూ ఆరలేదు. అతని జుట్టు కూడా తడవదు! సగం దూరంలో ఎడమకు తిరుగుతాడు. అదేదో కిటుకనుకుని కుర్రాళ్ళూ అక్కడే ఎడమకు తిరిగి నీళ్ళు తాగుతుంటారు. బూట్లతో దిగడం మాతకు అపచారమని ఫాదర్ సణిగితే, చేపలు కొరుకుతాయంటాడు ఎవెలియో.

ఈసారి అతనికి ప్రాణంమీదికి వచ్చింది. చేపల బడ్డీ ఒతీలియా మొగుడు పోయి ఒంటరిగా ఉంటోంది. ఎవెలియోకి ఆమె అంటే పిచ్చి.

"ఈ ఏడూ ఆరకుండా దాటించావా, మాత సాక్షిగా నిన్నే చేసుకుంటా," అందామె. "ఆరిందా, కసాయి తూలియో కాచుక్కూర్చున్నాడు."

పండుగ నాటికి ఆనకట్ట లేచింది. చెరువు నిండుకుండలా ఉంది. బ్యాండు మోగింది. కరిగిన మైనం వేళ్ళమీద కారుతున్నా ఎవెలియో ఒడ్డునుంచి కదలడే!

"జ్వరంగా ఉంది," అన్నాడు.

ఒతీలియా నుదురు పట్టి చూసింది. "మంచుముక్కలా ఉన్నావు. దిగు!"

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"ఇన్నేళ్ళూ కాచి పోశారా? అదుగో, తూలియో నవ్వుతున్నాడు. పరువు తీయకు!"

ఎవెలియో కొవ్వొత్తిని తనే ఉఫ్‌మని ఊది, ఆమె చెవిదగ్గర గొణిగాడు.

"ఆ కసాయినైనా చేసుకో గానీ నన్ను చంపకు ఒతీలియా, ఇన్నేళ్ళూ మా తాత గోడమీద నడిచెళ్ళానే తప్ప నాకు ఈత రాదు!"