పంచదార లేని పళ్లెం

"ఆ బుట్టతో గడప దాటావంటే నా నోటికి పని చెప్పినట్టే వదినా," అంది జంఫీరా, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

అగ్లాయ గుమ్మంలోనే ఆగిపోయింది. బుట్టలో అక్రోట్లు కూరిన తీపి రొట్టెలు, తెల్లారకముందే లేచి కాల్చినవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ వాసన వీధి చివరిదాకా కొడుతోంది.

"నా తమ్ముడి కోసం నేను చేసుకొచ్చాను. దానికి కూడా నీ పర్మిషన్ కావాలా?"

"కావాలి. డాక్టరమ్మ ఏం చెప్పిందో నీకూ తెలుసు."

"తీపి ముక్క లేకుండా వాడు ఏనాడు భోజనం ముగించాడే? ఇవాళ వాడికి ఇష్టమైనవే పెట్టాలి. అది మన పద్ధతి. ఇవాళ కూడా వాడి నోరు కట్టేస్తావా?"

"ఇవాళే కట్టేస్తాను," అంది జంఫీరా.

గెరాసింకు షుగర్ ఉందని ఆ వసంతంలోనే బయటపడింది. ప్లం చెట్ల కొమ్మలు కత్తిరిస్తూ కళ్లు మసకలు కమ్ముతున్నాయంటే జంఫీరాయే టౌనుకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ మాత్రలు రాసింది. వేలు పొడిచి చూసుకునే మిషను ఇచ్చింది. తెల్ల రొట్టె, పళ్ల జాము, సారా మానేసి, తిన్నాక కాస్త నడవమంది. అదేమంత బ్రహ్మవిద్య కాదు. జంఫీరా ఆ సాయంత్రమే పంచదార డబ్బా కడిగి అందులో ఉప్పు పోసింది.

గెరాసిం సరే సరేనని తలూపి వీధిలోకి వెళ్లేవాడు. మా ఊళ్లో ఏ ఇంటి మెట్టెక్కినా ముందు చెంచాడు జాము, పక్కన గ్లాసుడు నీళ్లు చేతిలో పెడతారు. వద్దంటే ఆ ఇంటి ఇల్లాలికి తలకొట్టేసినట్టుంటుంది. గెరాసిం ఎవరినీ నొప్పించే మనిషి కాదు. వీధి ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చేసరికి ఎంతమంది ఇల్లాళ్లను సంతోషపెట్టేవాడో ఆ దేవుడికే తెలియాలి. ఇంట్లో మాత్రం ఆకలి లేదనేవాడు.

అగ్లాయ బుట్టను గుమ్మం పక్కనే దించి లోపలికొచ్చింది. బల్ల మీద పెద్ద పళ్లెంలో ఉడికించిన గోధుమలు ముద్దగా పేర్చి ఉన్నాయి. ఆమె వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకుంది.

"ఇందులో పంచదార ఏదే?"

"లేదు."

"మా అమ్మ, వాళ్లమ్మ అందరూ పైన వేలు మందాన పంచదార పరిచేవాళ్లు. ఫాదర్ ఏమంటాడు?"

"అడిగాను. నీ ఇష్టమమ్మా అన్నాడు. అక్రోట్లు వేశాను, నిమ్మతొక్క తురిమాను. చాలు."

"పోనీ, వచ్చే చుట్టాల కోసమైనా నా రొట్టెలు కోయనీ. వాడి కోసం కాదులే."

"ఈ బల్ల మీదికి తీపి వచ్చిందంటే, ఎవరు తిన్నా చివరికి ఆయన కడుపులోకే పోతుంది. నీకు తెలీదా ఆ సంగతి?"

అగ్లాయకు తెలుసు. అయినా, "ఊరంతా నవ్విపోతుంది జంఫీరా," అంది.

"నవ్వనీ. వేసవి చివర మిషన్‌లో అంకె కూడా రాకుండా ఉత్త 'ఎక్కువ' అని పడిన రోజున, ఆ నవ్వేవాళ్లలో ఒక్కరూ అంబులెన్సులో నా పక్కన కూర్చోలేదు."

"వాడంటే మాకు ప్రేమ లేదంటావా?"

"ఎందుకు లేదు? అందరికీ ఉంది. మీ ప్రేమంతా చెంచాల్లో ఉంది. ఒక్క ముక్కకేమవుతుంది, ఒక్క గుక్కకేమవుతుంది. మీరందరూ దేవతలు, నేనొక్కదాన్నే గయ్యాళిని." గరిటె బల్ల మీద ఠప్పున పెట్టింది.

మధ్యాహ్నానికి జనం వచ్చారు. పక్కింటి వింతిలా మాత్రం గేటు దగ్గరే, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గెరాసిం, అతను చిన్నప్పటి నుంచీ జతగాళ్లు. జంఫీరా తానే వెళ్లి అతన్ని లోపలికి తెచ్చింది.

"అక్కడ కాదు వింతిలన్నా. ఆయన కుర్చీలో కూర్చో."

అతను టోపీ ఛాతీకి అదుముకున్నాడు. "నేనెందుకు చెల్లెమ్మా? ఇంకెవరినైనా కూర్చోబెట్టు."

"నేను జాము సీసాలకి తాళం వేస్తే, నీ నేలమాళిగలో సీసాలు తెరిచి ఆయనకి పెట్టిందెవరు?"

"అడిగాడు చెల్లెమ్మా. చిన్నపిల్లాడిలా అడిగాడు. కాదనలేకపోయాను."

"అందుకే ఆ కుర్చీ నీకు. కూర్చో."

కూర్చున్నాడు. ఉడికించిన బీన్సు, కాల్చిన మిరపకాయలు, చేప, చిన్న నల్ల రొట్టె ముక్క, పంచదార లేని గోధుమలు ఆమె అతని పళ్లెంలో వడ్డించింది. కొత్త సారా సీసా అతని ముందునుంచి తీసి అవతల పెట్టింది.

వింతిలా ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. "చప్పగా ఉంది," అన్నాడు.

"ఉంటుంది. మొత్తం తినాలి."

అగ్లాయ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. వింతిలా తలెత్తకుండా తిన్నాడు. జంఫీరా కుర్చీ వెనకాలే నిలబడి, అతను గోధుమల మీద గబగబా పడుతుంటే భుజం మీద చెయ్యేసింది.

"నెమ్మదిగా నమిలి తిను అన్నా. ఆయనకి షుగర్ మళ్లీ పెరగకూడదు."

గెరాసిం చనిపోయి ఆ రోజుకు నలభై రోజులు; పోయినవాళ్ల కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం తిన్నా అది వాళ్లకే చేరుతుందని మా ఊరి నమ్మకం.