చక్కెర మజ్జిగ

ప్రవీణ్‌ను జబ్బు కాదు, తానే చంపేస్తోందేమోనన్నది వనిత భయం.

పంజాగుట్ట ఆసుపత్రిలో స్కానింగ్ రిపోర్టు కోసం కూర్చుని, ఆమె మళ్లీ భర్త కళ్ల వంక చూసింది. తెల్లగానే ఉన్నాయి.

"ఏందే, పొద్దుగాల సంది నా కండ్లల్లనే చూస్తున్నవ్? పెండ్లిచూపులప్పుడు సుత ఇట్ల చూడలే," అన్నాడు ప్రవీణ్.

వనిత చూపు తిప్పుకుంది.

మైత్రీవనం వెనక జిరాక్సు షాపు అతనిది. నాలుగు నెలల కింద లివర్‌లో పదమూడు సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. క్యాన్సర్. అంత పెద్దదాన్ని అప్పుడే కోస్తే మిగిలే లివర్ మనిషిని మోయలేదని, ముందు మందుతో చిన్నది చేసి ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామని డాక్టర్ ఛాయాదేవి చెప్పింది. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డలోకే మందు వదిలారు. మూడు వారాలకోసారి సెలైన్‌లో ఇంజెక్షన్ ఎక్కించారు. ఆకుమందులు, పసర్లు మాత్రం ముట్టొద్దని, వాటితో లివర్ చెడి కళ్లు పచ్చబడితే ఇక ఆపరేషన్ మాటే ఉండదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

వనిత తలూపింది. కానీ ఇంటికొస్తే మనసు నిలవలేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన ఆమెకు డాక్టరమ్మ మాటలు సగమే అర్థమయ్యాయి. ఆకుమందిచ్చే రాజనర్సయ్య మాటలు మొత్తం అర్థమయ్యాయి. పొద్దున్నే మజ్జిగలో చెంచాడు పొడి కలపాలి, ఎవరికీ చెప్పొద్దు, అంతే. చేదు తెలియకుండా ఆమె చక్కెర దండిగా వేసేది. మంచం పక్కన గ్లాసు పెట్టి వంటింట్లోకి పోయేది. తిరిగొచ్చేసరికి అతని ఒళ్లో మూడేళ్ల కూతురు యశు, పక్కన ఖాళీ గ్లాసు. అలా ఇరవై రోజులు. ఒక్కనాడూ చుక్క మిగల్లేదు.

ఆ ఇరవై రోజులూ అతని కళ్లు చూడనిదే ఆమె ముద్ద మింగలేదు.

ఫోన్ మోగింది. ఇంటి దగ్గర్నుంచి అత్త బుచ్చమ్మ. యశు ఇవాళ కూడా అన్నం ముట్టలేదట, ఒకటే పడుకుంటోందట. నాయిన జబ్బు చూసి బెంగ పెట్టుకుందంటోంది. రిపోర్టు రాగానే వచ్చేస్తామని వనిత ఫోన్ పెట్టేసింది.

ఇంతలో లోపలికి పిలిచారు.

"గడ్డ ఆరుకు దిగిందమ్మా," అంది డాక్టర్ ఛాయాదేవి. "లివర్ పరీక్షలన్నీ చాలా బాగున్నాయి. వచ్చే వారం ఆపరేషన్ చేసేద్దాం."

బయటికొచ్చి వనిత గోడకు ఆనుకుని ఏడ్చింది. పొడి ఏమీ చెయ్యలేదు. కాదు, పొడే మేలు చేసిందేమో. ఏదైతేనేం, గండం గడిచింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"నన్ను ఎంతన్నా తిట్టు," అంది. "రోజూ నీ మజ్జిగల ఆకుమందు కలిపిన."

ప్రవీణ్ ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వాడు.

"తాగితే గద తిట్టేది! ఇంజెక్షన్లు మొదలైన కాంచి తీపి వాసనొస్తే చాలు, కడుపుల తిప్పుతుండె. ఒక్క గుక్క సుత తాగలే. వద్దంటే నువ్వు చిన్నబోతవని చెప్పలే."

"మరి గ్లాసు ఖాళీ ఉంటుండె గద?"

అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

వనిత ఇంటికి ఫోన్ కలిపింది.

"అత్తమ్మా, జర యశు కండ్లు చూడు."