చప్టా మీద అవ్వ

"సూడు సూడు, గుద్దేస్తావు!" రూపశ్రీ కెవ్వుమంది.

హృషీకేశ్ స్టీరింగును చటుక్కున పక్కకు తిప్పాడు.

వంక పొంగి, దాన్ని దాటే చప్టా మీద పిక్కల్లోతు నీళ్ళు పారుతున్నాయి. ఆ నీళ్ళ నడిమధ్య, నెత్తిన గోనెసంచి కప్పుకొని ఒక అవ్వ పాతిన కొయ్యలా నిలబడి ఉంది. చేతికర్ర ఎత్తి ఏదో అరుస్తోంది. అద్దాలెత్తుకొని, పాట పెట్టుకొని పోయేవాళ్ళకు ఆ అరుపు ఎక్కడ వినబడుతుంది?

"సావడానికి దీనికి మన కారే దొరికినట్లుండాది," అంటూ హృషీకేశ్ కారును అవతలి గట్టు ఎక్కించి ఆపాడు.

తుఫాను అంటే లోకమంతా తలుపులు మూసుకుంటుంది. ఈ మొగుడూ పెళ్ళాలు మాత్రం తిరుపతిలో కారు తీస్తారు. పొంగిన వంకలు, కూలిన చెట్లు వీడియో తీసి పెడితే జనం ఎగబడి చూస్తారట. ఆ పిచ్చే ముదిరి ముదిరి ఆ సాయంత్రం వాళ్ళను ఐరాల దాకా లాక్కొచ్చింది.

"బిరీన కానీబ్బా. పాప అమ్మ కాడ ఏడస్తా ఉంటాది," అంది రూపశ్రీ.

"యాడ కానిచ్చేది? ఫోను ఎట్ల పెట్టినా వీడియోలో ఆ ముసల్దే పడతా ఉండాది. ముందు దాన్ని తరుము."

"అవ్వా, పక్కకు పో!"

అవ్వ కదల్లేదు.

రూపశ్రీకి చిర్రెత్తింది. నోటికి ఏదొస్తే అది అనేసింది.

"అవ్వా! ఊళ్ళో మీ ఇంటి గోడ పడిందంట! నీ కోసరం అరస్తా ఉండారు!"

అవ్వ మొహాన నెత్తురుచుక్క లేదు.

"అయ్యో, నా మొగుడు మంచంలో ఉండాడే!"

నీళ్ళు తోసుకుంటూ గట్టెక్కింది.

"నేనొచ్చేదాకా ఈడ్నే ఉండండి. కారు కదిలించొద్దు తల్లీ, నీకు దండం పెడతా!" అంటూనే, బురదలో పడుతూ లేస్తూ ఊరివైపు ఉరికింది.

"మనకే ఆర్డరేస్తాది సూడు!" హృషీకేశ్ నవ్వాడు. "గోడ పడిందని నీకెవరు చెప్పినారే?"

"నువ్వే కదా తరమమంటివి!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. నీళ్ళు, మబ్బులు, మధ్యలో మనిషన్న నలుసు లేదు.

తిరుగు దారిలో తప్పించాల్సిన ముసల్దీ లేదు. కారును నేరుగా పోనిచ్చాడు.

చప్టా నడిమధ్యలో ముందు చక్రం కిందికి దిగింది. దిగుతూనే ఉంది.

కేకలకు ఉరికొచ్చిన ఊరివాళ్ళు మోకులేసి లాగితే రూపశ్రీ ఒక్కతే గట్టున పడింది. కారు, కారులో హృషీకేశ్, నీళ్ళతోనే పోయారు.

అప్పుడొచ్చింది అవ్వ, రొప్పుతూ.

"గోడ బాగానే ఉండాది. ముసలాయన పండుకోనే ఉండా..." వంకను చూసి మాట మింగేసింది.

మోకు చుట్టుకుంటున్న చిన్నబ్బ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"యాడికి పోయినావు పోలేరమ్మవ్వా? చప్టా మధ్యలో కొట్టుకపోయింది, కార్లోల్లకు గుంత కనబడదు, గురుతుగా నేను నిలబడతానని పొద్దున ఎగేసుకోని వచ్చింది నువ్వే కదా! నిన్ను నమ్ముకున్నందుకు నిలువునా ఒక పానం పాయె!"

అవ్వ రూపశ్రీ వైపు చూసింది.

రూపశ్రీ తల వంచుకుంది.

"కాళ్ళు లాగితే ఇంటికి పోయినానప్పా, తప్పు నాదే," అంటూ పోలేరమ్మ తన గోనెసంచి తీసి, వణుకుతున్న రూపశ్రీ నెత్తిన కప్పింది.