తడిసిన పక్క

"ఇక్కడ వదినా ఆడపడుచూ వరసలు చెల్లవు. జవాబు నచ్చకపోతే నిన్ను వంటగదికే పంపుతాను," అంది ఆడపడుచు.

చర్చి వేసవి శిబిరానికి మర్నాడే పిల్లలు దిగుతారు. వారం రోజులుగా సిబ్బందికి శిక్షణ ఇస్తున్నది ఆమే. వదినకు పిల్లల గది అప్పగించడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

"తెల్లారేసరికి ఒక పిల్ల పక్క తడిపింది. మిగతా పిల్లలు చూస్తున్నారు. ఏం చేస్తావు? ప్రార్థన చేయిస్తానని మాత్రం అనకు. ప్రార్థనకి పరుపు ఆరదు."

అందరూ నవ్వారు. వదిన బల్ల మీది మంచినీళ్ల గ్లాసు తీసి, శిక్షణ కోసం అక్కడ పరిచిన పరుపు మీద వంపేసింది.

"అయ్యో, నా చెయ్యి జారింది. లే తల్లీ, పక్క మారుస్తాను," అంది, అక్కడ లేని పిల్లతో.

"ఎవరు నేర్పారు ఈ నాటకాలు?"

వదిన దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మీ అన్నయ్య. చిన్నప్పుడు నీ పక్క మీద రోజూ నీళ్లు ఒలకబోసి, మీ నాన్న చేత తన్నులు తిన్నారట. నీకు చెప్పొద్దన్నారు. నువ్వే అడిగావు."

ఆడపడుచుకు ఆ నీళ్లు గుర్తున్నాయి. నాన్నకు చాడీ చెప్పిందీ తనే. ఆ తడి మంచినీళ్లదేనని ఇన్నేళ్లూ నమ్మింది.

"ఏం, వంటగదికేనా?" అంది వదిన.

ఆడపడుచు పరుపు ఒక కొస పట్టుకుంది.

"చిన్నపిల్లల గది నీది. ముందు ఆ కొస పట్టు, ఎండలో వేద్దాం," అంది, తలెత్తకుండా.