వణకని గొర్రెపిల్ల

కదిరలి మాస్టారు జవాబు కాగితాల కట్టను బల్ల మీద ఠపీమని కొట్టారు. ముందు బెంచీవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"ఉన్నిముక్క చలికి అలవాటు పడిందా? ఉన్నిముక్క! దానికేమన్నా ప్రాణముందిట్రా, అలవాటు పడటానికి?"

తొమ్మిదో తరగతంతా తలలు వంచుకుంది.

పోయిన వారం ఆయన పిల్లలందరినీ బడి వెనక మంచులోకి తీసుకెళ్లారు. తెల్ల ఉన్నిముక్కలు నలభై, నల్లవి నలభై చల్లారు. "మీరే డేగలు. కనపడినవి ఏరుకోండి" అన్నారు. పిల్లలు ఎగబడి ఏరారు. నల్లది ఒక్కటీ మిగల్లేదు. తెల్లవి సగానికి సగం మంచులోనే ఉండిపోయాయి. కంటపడ్డవి పోతాయి, పడనివి మిగులుతాయి, మిగిలినవాటికే పిల్లలు పుడతాయి, ప్రకృతి వరణమంటే ఇంతేనర్రా అని ఆయన చెప్తే అందరూ బుద్ధిగా తలలూపారు. తీరా పరీక్ష పెడితే ఇరవై ఆరుగురూ రాసింది ఒకటే. తెల్లవి మంచుకు అలవాటు పడి తెల్లబడ్డాయట!

ఆ కింద సాక్ష్యంగా అందరూ ఒకే పాట రాశారు.

"చలిలో వణికిన గొర్రెకు వణకని పిల్ల పుడుతుంది,
గాలికి వంగిన గోధుమకు వంగని గింజ పండుతుంది."

నరీన్ లోయలో ఆ పాట రాని మనిషి లేడు. ఉయ్యాల ఊపుతూ పాడతారు, ఉన్ని కత్తిరిస్తూ పాడతారు. ఆ పాటలోని సంగతి శుద్ధ తప్పని, ఒకప్పుడు అదే పాఠంగా చెప్పించిన మాస్కోవాళ్లే ఒప్పుకుని, కొత్త పుస్తకాలు పంపి పదేళ్లయింది. ఆ పదేళ్లూ మాస్టారు పాటతో కుస్తీ పడుతూనే ఉన్నారు. ఏటా పాటే గెలుస్తోంది. ఈ జూన్‌లో ఆయన రిటైరవుతారు. ఇదే ఆఖరి తరగతి. ఈ ఒక్క తరగతి అయినా ఆ దరిద్రపు పాటను వదిలించుకుని గడప దాటితే చాలనుకున్నారు. అదీ అయ్యేలా లేదు.

"బురుల్చా! పోయిన చలికాలం మీ మందలో ఎన్ని గొర్రెలు చచ్చాయి?"

"నలభై, అగాయ్." అక్కడ మాస్టారిని పిలిచే పిలుపు అది.

"చలికి ఆగలేనివేగా?"

"అవును."

"మరి ఇప్పుడు ఈనుతున్నవి ఏవి?"

"బతికినవి. చచ్చినవెలా ఈనుతాయి అగాయ్?"

క్లాసంతా గొల్లున నవ్వింది.

"ఇంత తెలిసినదానివి ఈ చెత్తెందుకు రాశావు?"

బురుల్చా లేచి నిలబడింది. అసలే ఆ పిల్ల నోరు ఊరుకోదు.

"కలం పట్టుకుంటే మీ పాఠం గుర్తు రాదు అగాయ్, పాటే వస్తుంది. మీ పాఠమూ మా బుర్రలోనే పడింది, పాటా మా బుర్రలోనే పడింది. పాఠం చచ్చింది, పాట బతికింది. మీరు చెప్పే ప్రకృతి వరణమంటే ఇదేగా?"

పదేళ్లకు ఆ పాఠం ఒక్కరికి అర్థమైంది, అదీ ఆయన్ని ఓడించడానికే. ఏడుపొక్కటే తక్కువ.

"ఎవరు నేర్పారు నీకా పాట?"

"మా అమ్మ. తన బడి నోటుబుక్కులో రాసుకుంది. పెట్టె అడుగున దాచింది, నన్ను ముట్టుకోనివ్వదు."

"ఆ పుస్తకం పట్టుకుని రేపు మీ అమ్మను రమ్మను. పొయ్యిలో పడేస్తాను, పీడా పోతుంది."

మర్నాడు బురుల్చా తల్లి బత్మా వచ్చింది. గొర్రెలు ఈనే రోజులు కావడంతో దొడ్డి నుంచి తిన్నగా వచ్చేసినట్టుంది, చేతులింకా తడిగానే ఉన్నాయి. నోటుబుక్కును తలగుడ్డలో చుట్టి తెచ్చింది.

"పిల్ల మీకు ఎదురు చెప్పిందట. క్షమించండి అగాయ్."

"పిల్లదేం తప్పు? తప్పంతా ఆ పాట కట్టిన వెధవది."

బత్మా ముఖం ఎర్రబడింది.

"ఆయన్ని తిట్టకండి. నా ఎదురుగా అసలు తిట్టకండి."

"తిట్టక ముద్దు పెట్టుకోమంటావా? ఒక తరం బుర్రలు పాడుచేశాడు."

"అప్పుడు పుస్తకంలో అదే ఉంది. పైనుంచి అదే చెప్పమన్నారు. చెప్పనన్నవాళ్ల ఉద్యోగాలు ఊడిపోయాయి. మీకు తెలియనిదా?"

"చెప్పమన్నారు, చెప్పాడు. సరే. పాట కట్టమని ఎవడు ఏడ్చాడు?"

"మాకు గుర్తుండాలని." బత్మా గొంతు తగ్గించింది. "గొర్రెలు కాసుకునే పిల్లలం. మాకూ చదువు ఎక్కుతుందని అనుకున్న మనిషి ఆయనొక్కడే. నా చదువు మొత్తంలో నాకొచ్చిన ఒకే ఒక్క అయిదుకు అయిదు ఇందులోనే ఉంది. అయినా సరే, మీరు కాల్చేయమంటే కాల్చేయండి. ఇకమీదట ఇంట్లో ఆ పాట ఎత్తను."

మాస్టారు గది మూల వెచ్చదనానికి రగిలించిన పొయ్యి తలుపు తీశారు. బత్మా గుడ్డ విప్పి నోటుబుక్కు అందించింది.

"ఒక్కసారి తెరిచి చూడండి."

"అక్కర్లేదు. అందులో ఏముందో నాకు తెలుసు."

"అయినా చూడండి అగాయ్."

చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని, చివరికి తెరిచారు.

వెలిసిన ఊదా సిరాలో పాట, దాని కింద ఎర్ర సిరాలో "శభాష్ బత్మా, అయిదుకు అయిదు" అన్న మాట, ఆ పక్కన నిన్న ఇరవై ఆరు కాగితాలు కొట్టేసి పెట్టిన అదే సంతకం: కదిరలి.